ఉద్యోగం మానే ముందు నీ కారణం తేల్చుకో

ప్రియమైన అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి పూర్తిగా అనువాదాల మీదే బతకాలనుకుంటున్నానని రాశావు. పదానికి ఎంత అడగాలి, డబ్బు ఎగ్గొడితే ఏం చేయాలి, ఒక ప్రచురణకర్త ఇస్తానన్న పుస్తకం ఒప్పుకోవాలా వద్దా అని అడిగావు. అన్నిటికీ జవాబు చెబుతాను. అంతకంటే ముందు నువ్వు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఎందుకు మానాలనుకుంటున్నావు? మీ నాన్నలా నిలదీయడానికి అడగడం లేదు. ఎంత ధర చెప్పాలి, ఎవరి పని ఒప్పుకోవాలి, రోజుకు ఎన్ని గంటలు కూర్చోవాలి అన్నవన్నీ ఆ జవాబును బట్టే ఉంటాయి కనుక అడుగుతున్నాను.

నీ ఉత్తరంలో నాకు మూడు కారణాలు కనిపించాయి. మేనేజరుతో వేగలేకపోతున్నావు. రోజూ ట్రాఫిక్‌లో గంటలు పోతున్నాయి. తెలుగులో పనిచేయాలని ఉంది. మొదటి రెండూ నిజమైన బాధలే. కానీ రాజీనామా ఇచ్చిన రోజుతోనే అవి తీరిపోతాయి, తీరిపోయిన బాధ మరుసటి నెల నిన్ను బల్ల ముందు కూర్చోబెట్టలేదు. పైగా వాటికి ఇంటికి దగ్గరలో మరో ఉద్యోగం చూసుకున్నా సరిపోతుంది. ఫ్రీలాన్స్ పనిలో నిన్ను ఏళ్ల తరబడి నిలపగలిగేది మూడోది. దాని గురించే నువ్వు ఒక్క వాక్యం రాసి వదిలేశావు.

అవసరం కొద్దీ ఈ పనిలోకి వచ్చినవాళ్లను తక్కువ చేస్తున్నానని అనుకోకు. నేనూ అలాగే వచ్చాను. మా అత్తగారు మంచం పట్టారు, ఇంట్లో ఒక మనిషి ఉండాలి, మీ మామయ్య జీతం ఒక్కటే చాలదు. నాకు తెలిసిన అనువాదకురాళ్లలో చాలామంది చంటిపిల్లల కోసమో, భర్త బదిలీల వల్లో, ఇంట్లో జబ్బుమనిషిని చూసుకోవాల్సి రావడం వల్లో వచ్చినవాళ్లే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయితే పిల్లలు పెద్దవాళ్లయ్యాక కొందరు మళ్లీ ఉద్యోగాలకు వెళ్లిపోయారు, కొందరు ఇక్కడే ఉండిపోయారు. ఉండిపోయినవాళ్లను ఏది ఆపిందా అని నేను గమనిస్తూ వచ్చాను. తీరిక అని చెప్పేవాళ్లు తక్కువ, ఎందుకంటే తీరిక ఉండదు. డబ్బు అని చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. పని ఒప్పుకోవడం, వద్దనడం, ధర చెప్పడం తమ చేతిలో ఉన్నాయన్న మాట మాత్రం అందరి నోటా ఒకేలా వస్తుంది.

ఈ వద్దనడం ఎంత విలువైనదో ఒక ఉదాహరణ చెబుతాను. ఒకసారి ఒక మందుల కరపత్రం అనువాదానికి వచ్చింది. మూడు నెలల్లో మధుమేహం పూర్తిగా నయమవుతుందని అందులో ఉంది. అలాంటి ప్రకటనలను మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల పట్టికలో మధుమేహం ఉంది. చెయ్యనని చెప్పాను, వాళ్లు వేరొకరిని వెతుక్కున్నారు. ఉద్యోగంలో ఉండి ఉంటే ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చేది, నేను చేసి ఇచ్చేదాన్ని, లేదా పై అధికారితో తగవు పెట్టుకునేదాన్ని. ఇక్కడ ఒక్క ఈమెయిలుతో అయిపోయింది.

రెండో సంగతి, చేసిన పనిలో మన చెయ్యి కనిపించడం. కొత్త మందులను మనుషుల మీద పరీక్షించేటప్పుడు రోగి చేత సంతకం చేయించుకునే సమ్మతి పత్రాలు నేను చాలా చేశాను. ఆ పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నదున్నట్లు దించితే పల్లెటూరి మనిషి ఏం చదివాడో తెలియకుండానే వేలిముద్ర వేస్తాడు. ఒక పత్రంలో, మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నా మామూలు వైద్యం ఆగదు అన్న ముక్క మూడు వరసల వాక్యంలో ఇరుక్కుపోయి ఉంది. దాన్ని రెండు చిన్న వాక్యాలుగా విడగొట్టి, అలా ఎందుకు చేశానో నాకు పని పంపే అనువాద ఏజెన్సీకి వివరంగా రాశాను. ఒప్పుకున్నారు. ఇలాంటి పని చేసిన రాత్రి నాకు హాయిగా నిద్ర పడుతుంది. ఇంతకాలం నన్ను ఈ కుర్చీలో ఉంచింది ఇదే.

నేను చెప్పేది నా ఒక్కదాని అనుభవమే అనుకోకు. అమెరికాలో ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో ఒక ప్రయోగం గురించి ప్రచురించాడు. కాలేజీ విద్యార్థులకు ముక్కలు పేర్చే సోమా పజిల్ ఇచ్చాడు. కొందరికి పేర్చిన ప్రతి ఆకారానికీ ఒక డాలరు చొప్పున ఇచ్చి, తర్వాత ఇవ్వడం ఆపాడు. డబ్బు ఆగాక, ఖాళీగా వదిలేసిన నిమిషాల్లో వాళ్లు పజిల్ ముట్టుకోవడం తగ్గింది. సరదాగా చేసే పని కూలి పనిగా మారిపోయింది. ఆయన, రిచర్డ్ రయాన్ కలిసి తర్వాత ఒక సిద్ధాంతం చెప్పారు. తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన, చేతనవుతోందన్న నమ్మకం, తోటివాళ్లతో అనుబంధం, ఈ మూడూ ఉంటే మనిషి పనిలో నిలబడతాడట. ఫ్రీలాన్స్ పని మొదటిదాన్ని ధారాళంగా ఇస్తుంది. రెండోదాన్ని నువ్వే వెతుక్కోవాలి, ఎందుకంటే బాగా చేసిన పనికి ఎవరూ ఏమీ అనరు, తప్పులకే ఉత్తరాలు వస్తాయి. మూడోదాన్ని దాదాపుగా తీసేసుకుంటుంది.

అందుకని నీకో మాట. రాత్రిళ్లు కూర్చుని ఇష్టంగా కథలు అనువదించుకుంటున్నావే, దాన్ని మాత్రం బేరానికి పెట్టకు. నీకు వచ్చే పని అలా ఉండదు. వాషింగ్ మెషీను వాడే విధానం, బీమా పాలసీ షరతులు, ఫోను యాప్‌లో కనిపించే విడివిడి ముక్కలు, సర్వే ప్రశ్నలు వస్తాయి. యంత్రం చేసిన అనువాదాన్ని దిద్దిపెట్టమనే పని ఇప్పుడు రోజురోజుకీ పెరుగుతోంది, దానికి ఇచ్చేది కూడా తక్కువ. అందులో మన చెయ్యి కనిపించే చోటు బాగా తగ్గిపోతుంది, నాకది బాధగానే ఉంది. వైద్యం, న్యాయం, వ్యవసాయం లాంటి ఏదో ఒక రంగంలో పట్టు సంపాదిస్తే నీ మాటకు విలువ ఉంటుంది. నువ్వు చదివింది ఫార్మసీ. దాన్ని వదులుకోవద్దు.

వద్దనే స్వేచ్ఛ జీతం లేకుండా పనిచేసే అందరికీ ఉండదు. నీతి ఆయోగ్ 2022 నివేదికలో, 2020-21 నాటికి దేశంలో 77 లక్షల మంది గిగ్ పనివాళ్లు, అంటే మామూలు ఉద్యోగం కాకుండా పనికి ఇంతని తీసుకునేవాళ్లు, ఉన్నారని అంచనా వేసింది. యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్లను, యాప్ లేకుండా పనిచేసేవాళ్లను అందులో రెండు వర్గాలుగా చూపారు. ఇంటికి అన్నం తెచ్చే కుర్రాడు కూడా ఈ లెక్కలోకే వస్తాడు. అతనికి ధర చెప్పేది యాప్, పని ఇచ్చేది యాప్, నాలుగుసార్లు కాదంటే పక్కన పెట్టేదీ యాపే. నెలంతా ఒకే ఏజెన్సీ మీద ఆధారపడి, వాళ్లు చెప్పిన ధరకు, వాళ్లు చెప్పిన గడువుకు పనిచేసే అనువాదకురాలి పరిస్థితి కూడా అంతకంటే మెరుగ్గా ఉండదు. ఇంట్లో కూర్చుని చేస్తుంది, అంతే తేడా. ఎవరి నుంచీ నీ ఆదాయంలో మూడో వంతుకు మించి రాకుండా చూసుకో. మొదటి ఏడాది అది కుదరకపోవచ్చు, అయినా లెక్క రాసుకుంటూ ఉండు.

వద్దనడానికి డబ్బు కావాలి. నెల తిరిగేసరికి అద్దె కట్టాల్సిన మనిషి ఏ కరపత్రాన్నీ కాదనలేదు. అందుకే కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పడేదాకా రాజీనామా పత్రం రాయకు. ఉద్యోగం వదిలితే నీతోపాటు ఏమేం పోతాయో కూడా చూసుకో. భవిష్యనిధిలో కంపెనీ వేసే 12 శాతం పోతుంది. సెలవు రోజు జీతం పోతుంది. 2017 సవరణ తర్వాత ఉద్యోగినులకు దక్కే 26 వారాల ప్రసూతి సెలవు నీకు ఉండదు. పెళ్లి, పిల్లల గురించి నువ్వు ఏమనుకుంటున్నావో అది నీ ఇష్టం, కానీ ఈ లెక్క మాత్రం ముందే వేసుకో. ఆరోగ్య బీమా సొంతంగా ఇప్పుడే, ఉద్యోగంలో ఉండగానే తీసుకో. ముందునుంచీ ఉన్న జబ్బులకు బీమా కంపెనీలు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం, అంటే డబ్బు చెల్లించని గడువు, పెట్టవచ్చు, ప్రసూతికి కూడా విడిగా నిరీక్షణ ఉంటుంది. ఆ గడియారం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. ఇంటి రుణం ఆలోచన ఉంటే అది కూడా ఉద్యోగంలో ఉండగానే తేల్చుకో, తర్వాతైతే బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు చూపమంటాయి.

ధర సంగతికి వస్తాను. అలవాటైన అనువాదకులు నాణ్యత చెడకుండా రోజుకు 2,000 ఇంగ్లీషు పదాల వరకు చేయగలరని ఈ రంగంలో అందరూ వేసుకునే లెక్క. నెలకు పన్నెండు రోజులే పని దొరుకుతుందనుకో. అంటే 24,000 పదాలు. నీకు నెలకు 48,000 రూపాయలు కావాలంటే పదానికి 2 రూపాయలు పడాలి. ఎవరు ఎంత ఇస్తున్నారని ఆరా తీసే ముందు ఈ లెక్క నీ చేతిలో ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మూలంలోని పదాలు లెక్కపెడతారా, అనువాదంలోని పదాలు లెక్కపెడతారా అని తప్పకుండా అడుగు. తెలుగులో విభక్తులు పదానికే అతుక్కుంటాయి కనుక మన పదాల సంఖ్య ఇంగ్లీషు కంటే బాగా తగ్గుతుంది. అనువాదంలోని పదాలకు కట్టిస్తే చేసిన పనికే తక్కువ డబ్బు వస్తుంది. ధర పెంచమని ఏడాదికోసారి అడగడం కూడా అలవాటు చేసుకో. అడగనిదే అమ్మయినా పెట్టదు.

డబ్బు ఎగ్గొట్టేవాళ్ల గురించి భయపడ్డావు. చిన్న సంస్థల నమోదు కోసం ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో, రుసుము ఏమీ లేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, అలా నమోదైన చిన్న సంస్థకు కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదు చేయడానికి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంటుంది. కౌన్సిల్ దాకా వెళ్లాల్సిన అవసరం చాలావరకు రాదు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు, చెల్లించాల్సిన తేదీ వేసి పంపితేనే చాలామంది జాగ్రత్తపడతారు. విదేశీ ఏజెన్సీల విషయంలో ఈ చట్టం అక్కరకు రాదు, అక్కడ కొత్తవాళ్లకు మొదట చిన్న పని చేసిపెట్టి, డబ్బు వచ్చాకే పెద్దది ఒప్పుకో. పన్నుల సంగతి ఒక ఆడిటరును అడుగు. నీ బిల్లులో ఇక్కడి కంపెనీలు సాధారణంగా 10 శాతం ముందే కోసి పన్ను కింద జమ చేస్తారు, రిటర్ను వేస్తేనే ఎక్కువ కోసింది తిరిగి వస్తుంది. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు గొడవ నీకు లేదు.

ఒంటరితనం గురించి మాత్రం ఎవరూ ముందే చెప్పరు. ఇంట్లో ఉన్నావు కదా అని గ్యాస్ సిలిండరు తీసుకోవడం, బ్యాంకు పని, చుట్టాలను స్టేషను నుంచి తీసుకురావడం అన్నీ నీకే వస్తాయి. పెళ్లిచూపుల్లో అమ్మాయి ఏం చేస్తోందంటే మీ నాన్న కాసేపు తడబడతాడు. ఒక గది, లేకపోతే గదిలో ఒక మూల, తలుపు మూసి పనిచేసే గంటలు, వీటి గురించి మొదటివారంలోనే ఇంట్లో గట్టిగా చెప్పు. తర్వాత చెబితే అలకలు వస్తాయి. తెలుగు అనువాదకులు ఇద్దరు ముగ్గురితో స్నేహం చేసుకుని, ఒకరి పని ఒకరు చదివి దిద్దుకోండి. చేతనవుతోందన్న నమ్మకం నాకు అక్కడే దొరికింది, ఏజెన్సీల దగ్గర దొరకలేదు.

ఇప్పుడు నిన్ను ఒకటి చేయమంటాను. ముందు నీ ఉద్యోగ ఒప్పందం తీసి, బయటి పని చేయకూడదన్న షరతు ఉందేమో చూడు. లేకపోతే మూడు నెలలపాటు శనివారాలు నిజమైన పని ఒప్పుకుని చెయ్యి. షరతు ఉంటే డబ్బు తీసుకోకుండా ఏ ఆసుపత్రి కరపత్రాన్నో, రైతులకిచ్చే సూచనల పుస్తకాన్నో గడువు పెట్టుకుని పూర్తిచెయ్యి. కథలు వద్దు, పొడిగా ఉండే కాగితాలే తీసుకో. మూడు నెలల తర్వాత కూడా, ఒక వాక్యం సరిగ్గా కుదిరితే నీకు సంతోషం కలుగుతోందా? కలిగితే ఈ పని నీది. కలగకపోతే ఉద్యోగం మారు, అనువాదాన్ని రాత్రిళ్లకే ఉంచుకో. అందులో ఓటమి ఏమీ లేదు, మీ నాన్నతో నేనే మాట్లాడతాను.

ఇక ఆ పుస్తకం గురించి. డబ్బు తక్కువే వస్తుంది, అయినా మంచి పుస్తకమని నువ్వంటున్నావు కనుక ఒప్పుకోవచ్చు. ఒప్పందం జాగ్రత్తగా చదువు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాసిందైతే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు యజమానిది. ఫ్రీలాన్సర్‌గా చేసిన అనువాదంపై మొదటి హక్కు అనువాదకురాలిది. నువ్వు రాసి ఇస్తేనే అది పోతుంది. హక్కు బదిలీ పత్రంలో కాలం చెప్పకపోతే ఐదేళ్లకే, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే వర్తిస్తుందని ఆ చట్టమే చెబుతోంది. అందుకే చాలామంది "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలు అందులో చేరుస్తారు. ముఖచిత్రం లోపలి పేజీలో నీ పేరు ఉంటుందా, రెండో ముద్రణకు నీకు ఏమైనా ఇస్తారా, ఆడియో పుస్తకం చేస్తే ఎలా అన్నవి అందులో ఉన్నాయో లేదో చూడు. మూల రచయిత అనుమతి ప్రచురణకర్త దగ్గర రాతపూర్వకంగా ఉందో లేదో కూడా అడుగు.

ఆ ఒప్పందం ప్రతి నాకు పంపు. ఏయే వాక్యాలు మార్చమనాలో పక్కన రాసి వారంలోపు తిప్పి పంపుతాను. అప్పటిదాకా సంతకం చేయకు.

ప్రేమతో,
మీ అత్తయ్య