కప్పు లేని కొత్త స్టేడియం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు పశ్చిమ కొసన ఉన్న బఫెలో నగరానికి చెందిన ఫుట్‌బాల్ జట్టు బఫెలో బిల్స్. ఆ జట్టు కోసం కట్టిన కొత్త స్టేడియం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదని, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరిగెత్తుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ అని గమనించగలరు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడుగారు బఫెలోలో ఉంటారు. అక్కడి ఫుట్‌బాల్ జట్టుకు 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో కొత్త స్టేడియం కట్టి, దానికి కప్పు మాత్రం వేయలేదని అల్లుడుగారు చెప్పారు. నిలువెత్తు మంచు కురిసే ఊళ్లో అంత డబ్బు పోసి కప్పు లేకుండా కట్టడం తెలివైన పనేనా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నా ఉద్దేశంలో తెలివైన పనేనండీ. అయితే అక్కడి అభిమానులు గర్వంగా చెప్పుకొనే కారణం వల్ల కాదు. మంచులో ఆడటం మగతనమనీ, కప్పు కింద ఆడేది ఫుట్‌బాలే కాదనీ వాళ్లు అంటారు. ఆ మాటలను పక్కన పెట్టి, కప్పు వేస్తే ఎవరికి ఏం ఒరుగుతుంది, దాని ఖర్చు ఎవరు భరించాలి అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే సంగతి తేటపడుతుంది.

ముందు మంచు సంగతి చూద్దాం. బఫెలో ఈరీ సరస్సు తూర్పు కొసన ఉంది. నవంబరు, డిసెంబరు నెలల్లో సరస్సు నీళ్లు ఇంకా వెచ్చగానే ఉండగా, పడమటి నుంచి వచ్చే అతిచల్లని గాలి దాదాపు 390 కిలోమీటర్ల పొడవున ఆ నీళ్ల మీదుగా సాగివచ్చి, దారి పొడవునా తేమను పీల్చుకుని, ఒడ్డు తగలగానే దానినంతా ఒక సన్నని పట్టీ మీద మంచుగా కుమ్మరిస్తుంది. ఆ పట్టీ కింద ఉన్న ఊరు మునిగిపోతే, పదిహేను కిలోమీటర్ల అవతల ఎండ కాస్తూ ఉంటుంది. స్టేడియం ఉన్న ఆర్చర్డ్ పార్క్ అనే శివారు పట్టణం తరచూ ఆ పట్టీ కిందికే వస్తుంది. 2022 నవంబరులో అక్కడ కొద్ది రోజుల్లోనే ఆరున్నర అడుగుల మంచు పడింది.

అప్పుడు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌తో జరగవలసిన మ్యాచ్‌ను డెట్రాయిట్‌లోని కప్పు ఉన్న స్టేడియానికి మార్చారు. 2014 నవంబరులోనూ న్యూయార్క్ జెట్స్‌తో మ్యాచ్‌కు ఇదే జరిగింది. కప్పు కావాలని వాదించేవారు మొదట చూపించేది ఈ రెండు సంఘటనలనే. కానీ 2022లో ఆ వారం బఫెలోలో ఏం జరిగిందో కాస్త దగ్గరగా చూడండి. దక్షిణ శివార్లలో ప్రయాణాలను నిషేధించారు, ఆటగాళ్ల ఇళ్ల ముందు మంచు గుట్టలు పడితే ఇరుగుపొరుగువాళ్లు పారలతో తవ్వి దారి చేసి వాళ్లను విమానాశ్రయానికి సాగనంపారు. స్టేడియానికి కప్పు ఉన్నంత మాత్రాన 60,000 మంది ఆ దారుల్లో అక్కడికి ఎలా చేరగలరు? డెట్రాయిట్ ఆదుకున్నది కప్పు ఉన్నందుకే కాదు, ఆ రోజు అక్కడ రోడ్లు తెరిచి ఉన్నందుకు కూడా. 2024 జనవరిలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో ఆదివారం జరగవలసిన నాకౌట్ మ్యాచ్‌ను గవర్నర్ సోమవారానికి వాయిదా వేయించినదీ ప్రజలు రోడ్ల మీదికి రాకూడదనే. అప్పుడు పాత స్టేడియంవారు గంటకు 20 డాలర్ల కూలి, భోజనం ఇస్తామని పిలిస్తే, అభిమానులే పారలు పట్టుకుని సీట్ల వరుసలు శుభ్రం చేయడానికి వచ్చారు. అయినా మ్యాచ్ వేళకు చాలా సీట్ల మీద మంచు అలాగే ఉంది. జనం దాని మధ్యనే నిలబడి, తమ జట్టు టచ్‌డౌన్ చేసినప్పుడల్లా, అంటే బంతిని అవతలి కొసకు చేర్చి పాయింట్లు సాధించినప్పుడల్లా, దోసిళ్లతో మంచును గాలిలోకి ఎగజల్లారు.

ఇక డబ్బు సంగతి. అక్కడ ఒక జట్టు సొంతగడ్డ మీద ఏడాదికి ఆడేది పది మ్యాచ్‌లు మాత్రమే, నాకౌట్ దశకు చేరితే మరొకటో రెండో కలుస్తాయి. అంటే కప్పు అనేది ఆ పది రోజుల కోసం కాదు, మిగిలిన మూడు వందల యాభై రోజుల అద్దెల కోసం. కచేరీలు, పెద్ద సభలు, కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్స్, అన్నింటికీ మించి ఏటా విజేతను తేల్చే ఆఖరి మ్యాచ్ సూపర్ బౌల్ ఒక్కసారైనా దక్కుతుందన్న ఆశ కప్పు కట్టిస్తాయి. బఫెలో నగర జనాభా మూడు లక్షలకు లోపు, చుట్టూ ఉన్న ఈరీ కౌంటీ (మన జిల్లాలాంటిది) మొత్తం కలిపినా పది లక్షలు లేదు. రెండు గంటల ప్రయాణ దూరంలో, సరిహద్దుకు అవతల టొరంటోలో తెరిచి మూసే కప్పున్న రోజర్స్ సెంటర్ 1989 నుంచే ఉంది. బఫెలో నగరం నడిబొడ్డున ఐస్ హాకీ జట్టుకు దాదాపు 19,000 మంది పట్టే మూసిన అరీనా ఒకటి ఉండనే ఉంది కాబట్టి, చలికాలపు కచేరీలు అక్కడ జరుగుతూనే ఉన్నాయి. సూపర్ బౌల్‌కు వేలాది హోటల్ గదులు కావాలి. నయాగరా జలపాతం చూడటానికి వెళ్లి బఫెలోలో ఒక రాత్రి బస చేసిన మనవాళ్లు చాలామందే ఉంటారు, ఆ ఊరి పరిమాణం వాళ్లకు నేను వివరించనక్కరలేదు.

ఈ స్టేడియానికి ప్రజాధనం ఇప్పటికే 85 కోట్ల డాలర్లు వెళ్లింది. అందులో 60 కోట్లు రాష్ట్రానివి, 25 కోట్లు కౌంటీవి. మొదట 140 కోట్లన్న అంచనా తర్వాత 200 కోట్లు దాటినా, పెరిగిన భారం జట్టు యాజమాన్యమే మోయాలన్నది ఒప్పందం. కప్పు కూడా కావాలని ప్రభుత్వం పట్టుబట్టి ఉంటే ఆ బిల్లులో కొంతైనా పన్ను కట్టేవారి నెత్తినే పడేది. అది తప్పినందుకు నేను సంతోషిస్తాను.

ప్రశ్న: చలిలో ఆడటం సొంత జట్టుకు లాభమనీ, కప్పు వేస్తే ఆ బలం పోతుందనీ చదివాను. ఇందులో నిజమెంత?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కొంత నిజం, చాలా భాగం అభిమానం. ఈ వాదానికి మూలం విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే అనే ఊరు. 1967 డిసెంబరు 31న అక్కడి లాంబో ఫీల్డ్‌లో మైనస్ 25 డిగ్రీల చలిలో, మైదానం కింద అమర్చిన వేడి యంత్రాంగం పనిచేయక నేల మంచుగడ్డగా మారిన స్థితిలో గ్రీన్ బే ప్యాకర్స్ 21–17 తో డల్లాస్ కౌబాయ్స్‌ను ఓడించింది. రెఫరీల ఈలలు సైతం గడ్డకట్టుకుపోయిన ఆ మ్యాచ్‌ను ఇప్పటికీ ‘ఐస్ బౌల్’ అని తలుచుకుంటారు.

అయితే ఆటను నిజంగా మార్చేది చలి కంటే, మంచు కంటే కూడా గాలి. విసిరిన బంతినీ, తన్నిన బంతినీ గాలి ఎటు తీసుకుపోతుందో చెప్పలేం. 2021 డిసెంబరు 6న బఫెలోలో ఈదురుగాలి వీస్తుంటే, అతిథి జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మ్యాచ్ మొత్తంలో బంతిని మూడంటే మూడుసార్లు విసిరి, మిగిలిన ఆటంతా పరుగులతోనే లాగించి 14–10 తో గెలిచి వెళ్లింది. బలమైన చేయి ఉన్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ప్రధాన ఆటగాడు) జోష్ ఆలెన్ ఉన్నది బఫెలోకు. అలాంటి జట్టుకు గాలి చుట్టమా, శత్రువా? పైగా 1991 నుంచి 1994 వరకు వరసగా నాలుగు సూపర్ బౌల్స్‌కు చేరి నాలుగూ పోగొట్టుకున్న జట్టు ఇది. అందులో రెండు, మినియాపొలిస్‌లోనూ అట్లాంటాలోనూ, కప్పు కిందే జరిగాయి. ఇంటి దగ్గర మంచు సాయం చేసినా చివరి మ్యాచ్‌కు అది వెంట రాదు.

కొత్త స్టేడియం రూపకర్తలు ఈ గాలి సంగతిని పట్టించుకున్నందుకు మెచ్చుకోవాలి. బయటి గోడలకు చిల్లులున్న లోహపు పలకలు బిగించి, గాలి లోపలికి దూసుకురాకముందే దాని వేగం విరిగేలా చేశారు. పైన చూరులాంటి పందిరి దాదాపు 65 శాతం సీట్లను కప్పుతుంది. మైదానంలో సహజమైన గడ్డి, దాని కింద వేడి గొట్టాలు ఉంటాయి. పూర్తి కప్పు వేసి ఉంటే ఆ గడ్డికి ఎండ అందక, కృత్రిమ గడ్డికి దిగవలసి వచ్చేదేమో. కృత్రిమ గడ్డి కంటే అసలు గడ్డి మీద ఆడటానికే ఆటగాళ్ల సంఘం ఎంతోకాలంగా మొగ్గు చూపుతోంది.

ప్రశ్న: నేను సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. అంత మంచు బరువును మోసే కప్పు కట్టడం సాంకేతికంగా కష్టమా? తెరిచి మూసే కప్పు వేస్తే సరిపోదా?
— ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: కష్టమే గానీ అసాధ్యం కాదు. ముందు బరువు లెక్క వేయండి. స్టేడియం కప్పు వైశాల్యం దాదాపు 40,000 చదరపు మీటర్లు అనుకుందాం. కొద్దిగా అణగిన మంచు ఘనపు మీటరుకు 100 కిలోలు తూగితే, రెండు మీటర్ల మందాన పడిన మంచు చదరపు మీటరుకు 200 కిలోలు, మొత్తం మీద 8,000 టన్నులు. దాని మీద వాన కురిస్తే మంచు ఆ నీటిని పీల్చుకుని ఇంకా బరువెక్కుతుంది. గాలికి ఒక మూలకు మంచు చేరితే బరువు సమానంగా పడదు, అసలు ప్రమాదం అక్కడే ఉంటుంది.

దీనికి మినియాపొలిస్ మంచి పాఠం. అక్కడి వైకింగ్స్ జట్టు 1982 నుంచి ఆడిన మెట్రోడోమ్‌కు ఉక్కు దూలాల కప్పు లేదు. టెఫ్లాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ బట్టను లోపలి నుంచి పెద్ద ఫ్యాన్ల గాలితో ఎగదన్ని నిలబెట్టారు. చవకగా అయిందని అప్పట్లో మెచ్చుకున్నారు. 2010 డిసెంబరు 12 తెల్లవారుజామున, 17 అంగుళాల మంచు పడిన తర్వాత ఆ బట్ట చిరిగి, మంచంతా మైదానం మీద కుప్పగా జారిపడింది. లోపల పెట్టిన టీవీ కెమెరాలో ఆ దృశ్యమంతా చిక్కింది. ఆ వేళ ప్రేక్షకులెవరూ లేరు కాబట్టి ప్రాణనష్టం తప్పింది. మ్యాచ్‌ను ఎక్కడికి మార్చారో ఊహించగలరు: మళ్లీ డెట్రాయిట్‌కే.

అదే స్థలంలో 2016లో తెరిచిన యూఎస్ బ్యాంక్ స్టేడియంలో ఆ తప్పు మళ్లీ చేయలేదు. కప్పును బాగా ఏటవాలుగా కట్టి, మంచు తనంతట తానే జారేలా చేసి, కప్పులో సగానికి పైగా ఈటీఎఫ్ఈ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను వాడారు కాబట్టి ఎండ లోపలికి వస్తుంది, చలి రాదు. అయితే అది తెరుచుకోదు. తెరిచి మూసే కప్పుకు పట్టాలు, మోటార్లు, వాటి కోసం మరింత బరువైన ఉక్కు కావాలి. ఇంత చేసినా, చలి ఊళ్లలో చలికాలమంతా దానిని మూసే ఉంచుతారు. మ్యాచ్‌కు గంటన్నర ముందే తెరవాలో మూయాలో తేల్చి చెప్పాలన్నది లీగ్ నియమం కాబట్టి, అనుమానం ఉన్న రోజున మూసేయడమే నిర్వాహకులకు సులువు. ఏడాదికి రెండు మూడు సెప్టెంబరు మధ్యాహ్నాల కోసం అంత యంత్రాంగం పెట్టుకోవడం నాకైతే వృథాగానే అనిపిస్తుంది. వేస్తే మినియాపొలిస్‌లా స్థిరమైన కప్పు వేయాలి, లేదా బఫెలోలా వదిలేయాలి.

ప్రశ్న: మిగతా చలి ఊళ్లన్నీ కప్పు వైపే వెళుతుంటే బఫెలో ఒక్కటే సరైన దారిలో ఉందంటారా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మిగతా ఊళ్ల దారి మళ్లుతున్న మాట నిజమే. క్లీవ్‌లాండ్ జట్టు బ్రూక్ పార్క్ అనే శివారులో కప్పు ఉన్న స్టేడియానికి పూనుకుంది, ఒహాయో రాష్ట్రం 2025లో అందుకు 60 కోట్ల డాలర్లు కేటాయించింది. డెన్వర్ జట్టు తెరిచి మూసే కప్పుతో స్టేడియం ప్రకటించింది. షికాగో జట్టు కోరుతున్నదీ కప్పు ఉన్నదే. కాన్సస్ సిటీ చీఫ్స్ 2031 నాటికి కప్పు ఉన్న కొత్త స్టేడియానికి మారతామని 2025 డిసెంబరులో చెప్పింది. షికాగో, డెన్వర్ మహానగరాలకు విమానాలు, హోటళ్లు, జనం ఉన్నారు. అక్కడ కప్పు లెక్క కుదరవచ్చు. క్లీవ్‌లాండ్ విషయంలో నాకు అనుమానమే. స్టేడియాలకు పోసిన ప్రజాధనం ఊరికి తిరిగి రాదని ఆర్థికవేత్తలు దాదాపు ఏకాభిప్రాయంతో చెబుతున్నారు, కప్పు ఆ ఖర్చును పెంచుతుందే గానీ తగ్గించదు.

బఫెలోకు ఈ విషయంలో సొంత అనుభవం కూడా ఉంది. 2008 నుంచి 2013 వరకు ఆ జట్టు ఏటా ఒక సొంత మ్యాచ్‌ను టొరంటోలోని ఆ కప్పు ఉన్న రోజర్స్ సెంటర్‌లో ఆడింది. వెచ్చని సీట్లు, పెద్ద నగరం, అన్నీ ఉన్నా జనం పలచబడి ఆ ఏర్పాటు మూలబడింది. అది పరాయి ఊరు కావడం ప్రధాన కారణమే, కాదనను. కానీ కప్పు ఉన్నంత మాత్రాన జనం కదిలి రారని మాత్రం అది చూపింది.

ప్రశ్న: ఈ డిసెంబరులో మేము పిల్లల దగ్గరికి వెళుతున్నాం. మ్యాచ్‌కు తీసుకెళతామంటున్నారు. మాకు అరవై దాటాయి. వెళ్లవచ్చా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: చలిని తేలికగా తీసుకోకండి. 2024 జనవరిలో కాన్సస్ సిటీలో మైనస్ 20 డిగ్రీల చలిలో జరిగిన మ్యాచ్ తర్వాత కొందరు ప్రేక్షకులకు వేళ్లు తీసివేయవలసి వచ్చింది. కప్పు కావాలనే వాదాల్లో నేను గౌరవించేది ఈ ఒక్కటే. దీనికి మందు మాత్రం, అంత చలి ఉన్న రోజున మ్యాచ్‌ను రాత్రిపూట పెట్టకుండా పగటికి జరపడం, లేదా వాయిదా వేయడం.

మీకు గుండె, రక్తప్రసరణ, ఆస్తమా సమస్యలుంటే ముందు వైద్యుణ్ణి అడిగి, వద్దంటే ఇంట్లో టీవీలోనే చూడండి. వెళ్లదలిస్తే పందిరి కిందికి వచ్చే పైవరుసల సీట్లు కొనమని పిల్లలకు చెప్పండి, మైదానానికి దగ్గరగా ఉండే కింది వరుసలు దాని బయటే ఉంటాయి. పందిరి పైనుంచి పడే మంచును ఆపుతుందిగానీ చలిని ఆపదు. ఒకే మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా ఉన్ని బట్టలు వేసుకోవడం మేలు. చెమటను పీల్చి తడిసిపోయే నూలు బట్టలు మాత్రం ఒంటికి ఆనుకుని ఉండకూడదు. కాళ్ల కింద పరచుకోవడానికి ఒక అట్టముక్క తీసుకెళ్లండి, మూడు గంటలు నిలబడితే చలి ఎక్కువగా ఎక్కేది కింది కాంక్రీటు నుంచే.