పేపర్లో వార్తకు హెడ్డింగ్ పెట్టేది విలేకరేనా?

కాదు, చాలావరకు డెస్కులో, అంటే వచ్చిన వార్తల్ని దిద్ది పేజీల్లో పెట్టే విభాగంలో ఉండే సబ్ ఎడిటరే పెడతారు. వార్త ఏ పేజీలో, ఎన్ని కాలమ్‌లలో వస్తుందో మండలం నుంచి రాసి పంపే కంట్రిబ్యూటర్‌కు తెలియదు. హెడ్డింగేమో ఆ వెడల్పుకు సరిపోవాలి. సింగిల్ కాలమ్‌లో లైనుకు రెండు మాటలు పట్టడమే కష్టం.

ఉదాహరణకు, ఓ చెరువు తెగిందనుకోండి. జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ అయితే ‘చెరువుకు గండి’తో సరిపెడతారు. అదే అన్ని జిల్లాలకూ వెళ్లే మెయిన్ పేపర్లో నాలుగు కాలమ్‌ల వార్తగా ఎక్కితే ‘పెద్ద చెరువుకు గండి.. 200 ఎకరాల్లో నీట మునిగిన వరి’ అవుతుంది. విలేకరి పంపిన కాపీ మాత్రం ఒక్కటే. చోటు చాలకపోతే ముందు చివరి పేరాలు కోసేస్తారు. అధికారుల వివరణ అక్కడే ఉంటే అదీ ఎగిరిపోతుంది. హెడ్డింగ్‌కూ లోపలి విషయానికీ పొంతన కుదరకపోవడం చాలాసార్లు పేజీని ప్రింటింగ్‌కు వదిలే తొందరలో జరిగేదే.

వార్తపై పేరున్న విలేకరి ఒక్కరే మొత్తానికీ బాధ్యులనుకోవడం పొరపాటు. 1867 నాటి ప్రెస్ చట్టమైనా, దాని స్థానంలో వచ్చిన 2023 చట్టమైనా ఏది అచ్చు వేయాలో ఎంపిక చేసే బాధ్యతను ఎడిటర్‌పైనే ఉంచాయి. ఆ పేరు ప్రతి సంచికలోనూ చిన్న అక్షరాల్లో, ప్రచురణకర్త పేరుతో పాటు ఉంటుంది.