బొమ్మలు సర్దమంటే గొడవ... హైపర్‌ యాక్టివిటీనా?

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. ప్లేస్కూల్లో చేరి రెండు నెలలైంది. బొమ్మలు సర్దేయమంటే నేల మీద పడి దొర్లుతున్నాడని, పక్క పిల్లల్ని కొడుతున్నాడని టీచర్ అంటున్నారు. ఇంట్లో బాగానే ఉంటాడు. ఇది హైపర్‌ యాక్టివిటీనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ‘సర్దేయమంటే’ అని రాశారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. గొడవ రోజంతా కాదు, ఇష్టమైన పని మధ్యలో వదలాల్సి వచ్చినప్పుడే. కోపాన్ని, తొందరను అదుపులో పెట్టే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు పాతికేళ్లు పడుతుంది. మూడున్నరేళ్లవాడు తనంతట తాను ఊరుకోలేడు, పక్కనున్న పెద్దవాళ్లు నిదానంగా ఉంటే వాళ్లను చూసి తగ్గుతాడు. ఇక మీరడిగిన హైపర్‌ యాక్టివిటీ, అంటే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) అంటారా, సాధారణంగా నాలుగేళ్లు నిండాకే పరీక్షిస్తాం. అదీ లక్షణాలు ఇంట్లోనూ, బడిలోనూ కనీసం 6 నెలలుగా ఉంటేనే.

టీచర్‌తో మాట్లాడండి. గది అవతలి నుంచి ‘అందరూ సర్దేయండి’ అని కేకేస్తే, చేతిలో ఆఖరి బ్లాక్ పట్టుకుని నిలబడ్డ పిల్లాడికి అది పిడుగులాంటి మాటే. దగ్గరికెళ్లి, వాడి ఎత్తుకు కూర్చుని, ‘ఇంకో రెండు పెట్టు, తర్వాత డబ్బాలో వేద్దాం’ అంటే చాలాసార్లు పని జరుగుతుంది. డబ్బా మోసే పని వాడికే ఇస్తే ఇంకా మంచిది.

దొర్లుతున్నప్పుడు బుద్ధులు చెప్పకూడదు, చెవికెక్కవు. పక్కనే కూర్చుని ‘కోపమొచ్చింది కదూ’ అంటే చాలు. కొట్టబోతే చెయ్యి మెల్లగా పట్టుకుని ‘కొట్టనివ్వను’ అనాలి. అప్పటికప్పుడు సారీ చెప్పించడం మన తృప్తికే తప్ప పిల్లాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం.

పాట ఆగగానే బొమ్మలా నిలబడే ఆట రోజూ ఆడించండి. ఆగడం అలవాటయ్యేది ఇలాంటి ఆటల్లోనే. పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలి. నిద్ర చాలని రోజున ఇవేవీ పనిచేయవు.

మాటలు సరిగా రాకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా, తనను తాను గాయపరచుకుంటున్నా పిల్లల డాక్టర్‌కు వెంటనే చూపించండి. తరచూ జలుబు చేస్తుంటే వినికిడి పరీక్ష కూడా చేయించండి. చెవిలో నీరు చేరితే టీచర్ మాట సగమే వినిపిస్తుంది, చూసేవాళ్లకు అది మొండితనంలా కనిపిస్తుంది. ఇలాంటి లక్షణాలేవీ లేకపోయినా డాక్టర్‌ను కలవాలనుకుంటే, వెళ్లేలోగా గొడవ జరిగిన ప్రతిసారీ దానికి ముందు ఏం జరిగిందో వారం రోజులు రాసిపెట్టమని టీచర్‌ను అడగండి. ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.