నడకా, పరుగా?

ప్రశ్న: చైనీస్ పాఠంలో 'చౌ' (走) అంటే నడవడం, వెళ్లడం అన్నారు. ప్రాచీన గ్రంథంలో అదే అక్షరానికి 'పరుగెత్తు' అని అర్థం ఇచ్చారు. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మండి, కాలమే వేరు. ('చౌక'లో 'చ' ఎలా పలుకుతామో అలా పలకండి, సగం టెన్షన్ తీరుతుంది.) ప్రాచీన చైనీస్‌లో ఇది పరుగే. నడకకు 'షింగ్' అనే వేరే అక్షరం ఉంది. కంచు పాత్రల మీది పాత రూపంలో పైన చేతులు ఊపుతున్న మనిషి, కింద పాదం కనిపిస్తాయి. తీరిగ్గా నడిచేవాడికి అంత ఊపెందుకు?

నాకిష్టమైన ఉదాహరణ ప్రాచీన చైనా తత్వవేత్త మెన్షియస్‌ది. లియాంగ్ రాజు హుయ్‌కి ఆయన ఒక కథ చెబుతాడు. యుద్ధభేరి మోగింది, కత్తులు కలిశాయి. సైనికులు కవచాలు పారేసి, ఆయుధాలు ఈడ్చుకుంటూ 'చౌ'. యాభై అడుగుల దగ్గర ఆగినవాడు, వంద అడుగులు పోయినవాణ్ణి చూసి నవ్వాడు. ఇక్కడ 'నడిచారు' అని చదివితే ఆ నవ్వులో పసే ఉండదు.

జపనీస్‌లో పరుగెత్తడానికి వాడే 'హషిరు'ను నేటికీ ఈ అక్షరంతోనే రాస్తారు. కాబట్టి పాత గ్రంథంలో ఇది ఎదురైతే ముందు పరుగు అనుకునే చదవండి, పొసగకపోతే అప్పుడు నిఘంటువు తెరవండి.