సరిహద్దులు దాటే లీగ్: ముందు కిందికి దిగే మెట్లు కట్టండి

మీరు అడిగింది ఇదనుకుంటాను: ఫుట్‌బాల్ క్లబ్‌ను నడిపించే కంప్యూటర్ గేమ్ (మేనేజ్‌మెంట్ గేమ్) ఎడిటర్‌లో, అంటే లీగులూ రూల్సూ మార్చుకునే పనిముట్టులో, మూడు నాలుగు పొరుగు దేశాల క్లబ్బులను కలిపి ఒక ఉమ్మడి ఫుట్‌బాల్ లీగ్ తయారు చేయాలి. ఏ దేశాలు తీసుకోవాలి, ఎన్ని జట్లు పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ పిచ్చి నాకూ ఉంది. ఇప్పటికి ఆరు లీగులు కట్టాను, అందులో నాలుగు నా చేతులతోనే పాడుచేశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: లీగ్ నుంచి దిగిపోయే జట్టు ఎక్కడికి వెళ్తుందో ముందు తేల్చుకోండి. పెద్ద క్లబ్బులు, ప్రైజ్ మనీ, టీవీ డబ్బు అన్నీ తర్వాత.

నా మొదటి లీగ్ ఫిన్లాండ్, ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియాలతో. ఆ నాలుగే ఎందుకంటే, నాలుగు చోట్లా సీజన్ వసంతంలో మొదలై శరదృతువులో ముగుస్తుంది. నాలుగింటిలోనూ యూరోనే నడుస్తుంది, 2015లో లిథువేనియా చేరడంతో ఆ లెక్క పూర్తయింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకికీ ఎస్తోనియా రాజధాని టాలిన్‌కీ మధ్య ఉన్నది దాదాపు 80 కిలోమీటర్ల సముద్రమే, బయటి ఊళ్లో మ్యాచ్‌కి అభిమానులు ఓడెక్కి వెళ్లొచ్చు. పైగా మూడు బాల్టిక్ దేశాల క్లబ్బులు 2007 నుంచి 2011 వరకు బాల్టిక్ లీగ్ పేరుతో ఒక ఉమ్మడి టోర్నీ నిజంగానే ఆడాయి. అంటే ఊహ మరీ గాల్లోంచి పుట్టింది కాదు.

దేశానికి అయిదు చొప్పున 20 జట్లు పెట్టాను. లోగో మీద మూడు రాత్రులు కూర్చున్నాను (కూర్చోకుండా ఉండాల్సింది). ప్రమోషన్ (పై లీగ్‌కు ఎక్కడం), రెలిగేషన్ (కింది లీగ్‌కు దిగడం) సంగతి మాత్రం పది నిమిషాల్లో తేల్చేశాను: పట్టికలో చివరి నాలుగు జట్లు కిందున్న తమ జాతీయ లీగులకు, ఆ నాలుగు జాతీయ లీగుల ఛాంపియన్లు పైకి. నాలుగు పోతే నాలుగు వస్తాయి, లెక్క సరిపోయింది కదా అనుకున్నాను. ఎడిటర్‌లో రూల్స్ సరిచూసే బటన్ నొక్కితే ఒక్క తప్పు కూడా చూపించలేదు. ఏ క్లబ్బునూ తీసుకోకుండా ఇరవై సీజన్లు గేమ్‌ను దానంతట దాన్నే ఆడుకోమని వదిలేసి పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే గేమ్ ఎనిమిదో సీజన్ అయ్యాక, తొమ్మిదోదానికి షెడ్యూల్ వేయలేక ఆగిపోయి ఉంది. వెనక్కి వెళ్లి ఒక్కో సీజన్ పట్టిక తెరిచాను. ఏడో సీజన్‌లో చివరి నాలుగు జట్లలో మూడు లిథువేనియావే. ఎనిమిదో సీజన్‌లో ఇంకో రెండు. పైకి వచ్చింది మాత్రం ఏటా ఒక్క ఛాంపియనే. అలా పది జట్లుండాల్సిన లిథువేనియా లీగ్ ముందు 12కి, తర్వాత 13కి పెరిగింది. పదమూడంటే బేసి సంఖ్య, ప్రతి రౌండ్‌లో ఒక జట్టు ఖాళీగా కూర్చోవాలి. ఇంకోవైపు ఫిన్లాండ్ జట్లు కిందికి దిగడం తగ్గిపోయింది, వాళ్ల ఛాంపియన్ మాత్రం ఏటా పైకి వస్తూనే ఉన్నాడు. వాళ్ల 12 జట్ల లీగ్ కరిగి కరిగి 8 దగ్గర ఆగింది. ఉమ్మడి లీగ్‌లో తొమ్మిది ఫిన్నిష్ జట్లు, రెండు లిథువేనియా జట్లు. నాలుగు దేశాల లీగ్ కాస్తా ఫిన్లాండ్ లీగ్, దానికి కొందరు చుట్టాలు అన్నట్టు తయారైంది.

ఇక్కడే అసలు కిటుకంతా ఉంది. ఒకే దేశపు లీగ్‌లో పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఒకే మెట్ల మీద ఎక్కుతారు, దిగుతారు. ఉమ్మడి లీగ్‌కు కింద నాలుగు వేర్వేరు మెట్లుంటాయి. మొత్తం సంఖ్య సరిపోతే చాలదు, ఒక్కో మెట్టు దగ్గరా సరిపోవాలి. ఒక్క దేశంలోనే ఇది తలనొప్పి కావచ్చు. జర్మనీలో మూడో డివిజన్ కింద అయిదు ప్రాంతీయ లీగులున్నాయి, పైకి వెళ్లేవి నాలుగే జట్లు. తన లీగ్ గెలిచిన జట్టు కూడా పైకి వెళ్లలేకపోవచ్చు. ఛాంపియన్‌కు ప్రమోషన్ హక్కుగా ఉండాలని అక్కడి అభిమానులు ఏళ్లుగా గొడవ చేస్తున్నారు. పైనుంచి దిగిన జట్లన్నీ ఒకే ప్రాంతానివైతే ఆ ప్రాంతీయ లీగ్ ఉబ్బిపోతుంది. దానికి వాళ్లు చేసే పని తేలికైనదే: ఆ ఏడాది ఆ లీగ్ నుంచి ఇంకా కిందికి పంపే జట్ల సంఖ్య పెంచుతారు. ఇది నాకు ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి కలిసొచ్చేది.

రెండో ప్రయత్నంలో అటు చివరికి పోయాను. దేశానికి కోటా పెట్టి, ప్రతి దేశం నుంచి పట్టికలో అందరికన్నా కింద ఉన్న జట్టు దిగిపోవాలని రాశాను. సంఖ్యలు అద్దంలా నిలిచాయి, ఆట మాత్రం చచ్చిపోయింది. ఒక సీజన్‌లో తొమ్మిదో స్థానంలో ఉన్న ఫిన్నిష్ జట్టు, తన దేశంలో చివరిదైన పాపానికి దిగిపోయింది. తనకన్నా ఆరు మెట్లు కిందున్న లాట్వియా జట్టు హాయిగా మిగిలింది, దాని కింద ఇంకో లాట్వియా జట్టు ఉంది కాబట్టి. నేను కోచ్‌గా ఉన్న జట్టుకు అలా జరిగి ఉంటే కీబోర్డు విరిగేది.

చివరికి నిలబడింది మధ్యేమార్గం. 16 జట్లు. చివరి రెండు నేరుగా కిందికి, ఏ దేశానివైనా సరే. నాలుగు దేశాల ఛాంపియన్లకు డ్రా తీసి రెండు జోడీలు కలుపుతాను, ఇంట్లో ఒకటి బయట ఒకటి చొప్పున రెండు మ్యాచ్‌లు. గెలిచిన ఇద్దరూ నేరుగా పైకి వస్తారు. ఓడిన ఇద్దరికి ఇంకో అవకాశం: ఉమ్మడి లీగ్‌లో 13, 14 స్థానాల్లో ఉన్న జట్లతో ప్లేఆఫ్, అంటే ఎవరు పైన ఉండాలో తేల్చే పోటీ. అంటే ఏటా కనీసం రెండు, గరిష్ఠంగా నాలుగు జట్లు మారతాయి. ఏ దేశపు జట్లూ తేలిగ్గా రెండు కన్నా తగ్గిపోకుండా ఒక అడ్డు కూడా పెట్టాను. తగ్గే ప్రమాదం వస్తే ఆ జట్టు నేరుగా దిగకుండా ప్లేఆఫ్ ఆడుతుంది. ఇక జాతీయ లీగుల్లో జర్మన్ల పద్ధతి: మామూలుగా ఒక జట్టు రెండో స్థాయికి దిగుతుంది. పైనుంచి వచ్చినవాళ్లు పైకి వెళ్లినవాళ్ల కన్నా ఎంత ఎక్కువైతే, అన్ని జట్లు అదనంగా దిగుతాయి. తక్కువైతే కిందనుంచి ఎక్కువ మందిని పిలుస్తాం. ఎడిటర్‌లో ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు రెండు వారాంతాలు పట్టింది. లీగ్ మొత్తంలో విలువైన పని ఏదంటే ఇదే.

తర్వాత ఎదురయ్యే చిక్కు యూరప్ స్థానాలు, అంటే యూరప్ స్థాయి క్లబ్ టోర్నీల్లో చోటు. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ తన టోర్నీల్లో చోటు ఇచ్చేది లీగులకు కాదు, జాతీయ సంఘాలకు. కాబట్టి ఉమ్మడి లీగ్ విజేత ఏ దేశపు ఛాంపియన్ అన్న ప్రశ్న వస్తుంది. దీనికి నిజమైన ఉదాహరణ ఉంది. బెల్జియం, నెదర్లాండ్స్ కలిసి 2012 నుంచి 2015 దాకా మహిళల కోసం బెనె లీగ్ నడిపాయి. అందులో డచ్ క్లబ్బుల్లో పైనున్నది నెదర్లాండ్స్ ఛాంపియన్, బెల్జియం క్లబ్బుల్లో పైనున్నది బెల్జియం ఛాంపియన్. మూడు సీజన్లలో రెండుసార్లు డచ్ క్లబ్ ట్వెంటె, చివరిసారి బెల్జియం క్లబ్ స్టాండర్డ్ లీజ్ మొత్తం లీగ్ గెలిచాయి. నేనూ అదే పెట్టాను. కానీ దానివల్ల ఇంకో రోగం పుట్టింది. కింద జాతీయ లీగ్ గెలిచిన జట్టుకు యూరప్ దారి మూసుకుపోయింది. చిన్న దేశాల క్లబ్బులకు యూరప్ క్వాలిఫైయింగ్ రౌండ్ల డబ్బే పెద్ద ఆదాయం. పదో సీజన్ వచ్చేసరికి పైకి వచ్చిన జట్టు ఏదైనా మరుసటి ఏడే దిగిపోవడం మామూలైపోయింది. మందు జాతీయ కప్. కప్‌ను అన్ని స్థాయుల జట్లకూ తెరిచి, గెలిచినవాళ్లకు యూరప్ స్థానం ఇవ్వండి. లీచ్‌టెన్‌స్టయిన్ అనే బుల్లి దేశానికి సొంత లీగే లేదు, అక్కడి క్లబ్ వాడూజ్ పొరుగున ఉన్న స్విట్జర్లాండ్ లీగుల్లో ఆడుతుంది. అయినా లీచ్‌టెన్‌స్టయిన్ కప్ గెలిచి యూరప్‌కు వెళ్తుంది.

ఇలాంటి వింతలు ఇంకా ఉన్నాయి, డిజైన్ చేసే ముందు ఒక సాయంత్రం వీటి మీద కూర్చోండి. వేల్స్ నగరం స్వాన్సీ జట్టు 2013లో ఇంగ్లండ్ లీగ్ కప్ గెలిచి, ఇంగ్లండ్ కోటాలో యూఈఎఫ్‌ఏ టోర్నీ అయిన యూరోపా లీగ్ ఆడింది. న్యూజిలాండ్‌కు చెందిన వెల్లింగ్టన్ ఫీనిక్స్ 2007 నుంచి ఆస్ట్రేలియా లీగ్‌లో ఉంది, కానీ ఆసియా ఛాంపియన్స్ లీగ్‌కు వెళ్లలేదు, ఎందుకంటే ఫుట్‌బాల్‌లో ఆస్ట్రేలియా ఆసియా సమాఖ్యలో ఉంటే, న్యూజిలాండ్ ఓషియానియా సమాఖ్యలో ఉంది. అందుకే మీ దేశాలన్నీ ఒకే సమాఖ్యలో ఉండేలా చూసుకోండి, లేదా అలాంటి జట్టు పైన నిలిస్తే ఆ స్థానం కిందివాళ్లకు జారాలని ముందే రాసిపెట్టండి. ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ సిటీ 1972లో తన లీగ్ వదిలి, 1985 నుంచి సరిహద్దు అవతల, ఐర్లండ్ రిపబ్లిక్ లీగ్‌లో ఆడుతోంది. మీ కల్పిత లీగ్‌కు వెనుక కథ కావాలంటే అలాంటి ఒక్క క్లబ్ చాలు.

ఆటగాళ్ల నిబంధన దగ్గర చాలామంది విదేశీ కోటా పెట్టేస్తారు. ఈయూ (యూరోపియన్ యూనియన్) దేశాలైతే అది వాస్తవానికి దూరం. యూరోపియన్ కోర్టు 1995లో ఇచ్చిన బోస్మన్ తీర్పు తర్వాత ఈయూ పౌరులపై అలాంటి పరిమితి చెల్లదు. దాని బదులు యూఈఎఫ్‌ఏ వాడే పద్ధతి తీసుకోండి: 25 మంది జాబితాలో 8 మంది స్థానికంగా తయారైనవాళ్లు ఉండాలి, వాళ్లలో కనీసం నలుగురు ఆ క్లబ్‌లోనే తయారైనవాళ్లు. పదిహేను, ఇరవై ఒకటి ఏళ్ల మధ్య మూడు సీజన్లు అక్కడ ఉంటే చాలు, పాస్‌పోర్టుతో పనిలేదు. అయితే ఉమ్మడి లీగ్‌లో 'స్థానికం' అంటే ఏ దేశం? నేను ఒకసారి నాలుగు దేశాలనూ కలిపి ఒకే స్థానికం అన్నాను. హెల్సింకి క్లబ్బులు పద్దెనిమిదేళ్ల ఎస్తోనియా కుర్రాళ్లను బుట్టలో వేసుకుని పోయాయి. మళ్లీ ఎవరి దేశం వాళ్లకే అని మార్చాక టాలిన్ జట్లు ఊపిరి పీల్చుకున్నాయి.

క్యాలెండర్ గురించి ఒక్క హెచ్చరిక. 20 జట్లంటే 38 రౌండ్లు. మార్చి నుంచి నవంబరు లోపు అంతర్జాతీయ విరామాలు తీసేస్తే అన్ని వారాంతాలు దొరకవు. వారం మధ్యలో పెడదామంటే జూలై, ఆగస్టుల్లో యూరప్ క్వాలిఫైయర్లు అడ్డం. నా మొదటి వెర్షన్‌లో చివరి రౌండ్లు నవంబరు నెలాఖరుకు పడ్డాయి. ఫిన్లాండ్‌లోని ఔలు జట్టు శనివారం ఇంట్లో ఆడి, మంగళవారం లిథువేనియా రాజధాని విల్నియస్‌లో దిగింది. మధ్య దూరం గీత గీసి కొలిచినా వెయ్యి కిలోమీటర్ల పైమాటే. పదకొండు మందిలో ఏడుగురి పేర్ల పక్కన అలసట గుర్తు ఎర్రగా వెలుగుతోంది. 16 జట్లయితే 30 రౌండ్లు, ఊపిరాడుతుంది. చలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. డెన్మార్క్, నార్వే, స్వీడన్ క్లబ్బుల రాయల్ లీగ్ 2004లో మొదలై, చలికాలపు విరామంలో నడిచి, మూడు సీజన్లకే ఆగిపోయింది.

డబ్బు పంపకం మీద ఎక్కువ టైమ్ పెట్టకండి. మొదటి స్థానానికీ చివరి స్థానానికీ మధ్య తేడా తక్కువగా ఉంచండి, దిగిపోయిన జట్టుకు ఒక ఏడాది పాటు కొంత సాయం ఇవ్వండి, చాలు. పేరు, లోగో, ట్రోఫీ బొమ్మ అన్నీ ఆఖర్న.

అన్నీ రాశాక మీ క్లబ్ ఎంచుకుని వెంటనే ఆడేయకండి, ఎంత చేతులు దురద పెట్టినా సరే. కనీసం పాతిక సీజన్లు దాన్నే నడవనిచ్చి, అయిదేళ్లకోసారి ఆపి చూడండి. ఉమ్మడి లీగ్ పట్టిక కాదు, ముందు కింది జాతీయ లీగుల్లో జట్ల సంఖ్య చూడండి. తర్వాత పైకి వచ్చిన జట్లలో ఎన్ని రెండో ఏడు కూడా నిలిచాయో లెక్కపెట్టండి. నా చివరి వెర్షన్‌లో 23వ సీజన్‌కు సారెమా దీవిలోని కురెస్సారే జట్టు ఎస్తోనియా లీగ్ గెలిచి, డ్రాలో పడ్డ లాట్వియా ఛాంపియన్‌ను రెండో మ్యాచ్‌లో పెనాల్టీల మీద ఓడించి పైకి వచ్చింది. మొదటి హోమ్ మ్యాచ్ హెల్సింకి క్లబ్ హెచ్‌జేకేతో, స్టేడియం నిండిపోయింది, స్కోరు 0-4. సీజన్ చివర 16వ స్థానంతో మళ్లీ దిగిపోయారు. నేను వెంటనే ఎస్తోనియా లీగ్ తెరిచి లెక్కపెట్టాను. కురెస్సారేతో కలిపి సరిగ్గా పది జట్లు.