సంక్రాంతి దాకా ఉండి వస్తే స్కూలు ఊరుకుంటుందా?

సందేహం: అన్నా, డాలస్ వచ్చి ఏడాదైంది. పాప పబ్లిక్ స్కూల్లో, అంటే ఇక్కడి సర్కారు బళ్లో, రెండో తరగతి. డిసెంబరు సెలవులకు ఇండియా వెళ్లి, కనుమ కూడా చూసుకుని వద్దామంటే స్కూలు వాళ్లు ఒప్పుకోవడం లేదు. రెండో క్లాసు పిల్ల పది రోజులు మానేస్తే ఏం కొంప మునుగుతుంది?

జవాబు: తమ్ముడూ, పదకొండేళ్ల కిందట నేనూ ఇదే మాట అన్నాను. భీమవరంలో పందేలన్నీ చూసుకుని జనవరి 20న దిగాం. మర్నాడు నిద్రకళ్లతో తూగుతున్న మా అమ్మాయిని తీసుకెళ్తే, ఆఫీసులో ఆవిడ కంప్యూటర్ చూసి "పేరు తీసేశాం కదా" అంది. ఆవిడ కోసం తెచ్చిన పూతరేకుల పెట్టె నా చేతిలోనే ఉండిపోయింది. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, టీకాల కాగితం అన్నీ మళ్లీ ఇచ్చాం. తీరా చూస్తే సీటు లేదు! టెక్సస్‌లో నాలుగో తరగతి దాకా క్లాసుకు 22 మందే అని నిబంధన. మిగతా ఏడాదంతా పిల్ల బస్సెక్కి ఐదు మైళ్ల అవతల స్కూలుకు వెళ్లింది.

స్కూలు వాళ్ల పంతం వెనక డబ్బు లెక్క ఉంది. ఈ రాష్ట్రం పిల్లల పేర్లు లెక్కపెట్టి డబ్బివ్వదు, రోజూ హాజరు వేసే వేళకు బెంచీ మీద ఎంతమంది ఉన్నారో చూసి ఇస్తుంది. పిల్లకు ఏడాదికి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయి, 2025లో 55 డాలర్లు పెరిగింది. ఈలోగా కోడిగుడ్ల ధర ఎంత పెరిగిందో నీకు చెప్పక్కర్లేదు. అంటే పిల్ల మానేసిన ప్రతి రోజుకూ స్కూలుకు సుమారు 35 డాలర్లు పోతాయనుకో. మన పిల్లలే సగం ఉన్న క్లాసుల్లో జనవరి మొదటి రెండు వారాలు ఎలా ఉంటాయో ఊహించు. డాలస్ పక్కనున్న ప్లేనోలో పిల్లలు తగ్గి 2025లో నాలుగు స్కూళ్లు మూతపడ్డాయి. ఇక 2026-27 నుంచి ప్రైవేటు బడికి వెళ్లేవాళ్లకు పిల్లకు సుమారు 10 వేల డాలర్ల చొప్పున ఇవ్వడానికి ప్రభుత్వం వంద కోట్ల డాలర్లు పక్కనపెట్టింది. దాని మీద పెద్ద గొడవే నడిచింది. నేనైతే పబ్లిక్ స్కూలు పక్షమే.

ఏడాదిలో 90 శాతం రోజులు హాజరు ఉండాలి. అంటే మానేయడానికి ఉన్నవి దాదాపు 17 రోజులు. పది నువ్వే వాడేస్తే ఫిబ్రవరి జ్వరాలకు ఏం మిగులుతాయి? ఆరు నెలల్లో పది రోజులు సరైన కారణం లేకుండా మానేస్తే తల్లిదండ్రుల్ని కోర్టుకు పంపే వీలు కూడా ఉంది. మత పండుగకు ముందే ఉత్తరం రాసిస్తే ఆ రోజుకూ, ప్రయాణానికి రానుపోను ఒక్కో రోజుకూ మినహాయింపు దొరుకుతుంది. అంతకు మించి ఆశపడకు.

బడి మూసిన సాయంత్రమే ఫ్లైటెక్కండి. నెలగంట పెట్టేది డిసెంబరు 16నే కదా, హరిదాసు, గొబ్బెమ్మలు, ముగ్గులు అప్పటికే వీధిలో ఉంటాయి. కోడి పందేలంటావా, అవి పాప కోసం కాదులే.