సునీతా, మీ ఇంటికి డెస్క్‌టాపే మేలు

చి.ల.సౌ. సునీతకు బాబాయి ఆశీస్సులు.

ఇంటికి కంప్యూటర్ కొనాలనుకుంటున్నారని, ల్యాప్‌టాపా డెస్క్‌టాపా తేల్చుకోలేకపోతున్నారని అన్నయ్య చెప్పాడు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతామని రాస్తున్నాను. ఇన్నేళ్లు రిపేరు బల్ల ముందు కూర్చున్నవాడిగా చెబుతున్నా, మీరు డెస్క్‌టాపే తీసుకోండి.

ల్యాప్‌టాప్ ఒక్క మనిషి వాడుకునే వస్తువు. మీ ఇంట్లో వాడేది నలుగురు: పిల్లలిద్దరి చదువు, అల్లుడుగారి స్కూలు పని, నీ టైలరింగ్ లెక్కలు. నలుగురి చేతుల్లో తిరిగే ల్యాప్‌టాప్ ఎలా పాడవుతుందో నాకు బాగా తెలుసు. స్క్రీన్ పట్టుకుని ఎత్తుతారు, కొన్నాళ్లకు మడతబందు (హింజ్) విరుగుతుంది. పరుపు మీద పెట్టుకుంటారు, గాలి ఆడక లోపల కాగిపోతుంది. కీబోర్డు మీద టీ ఒలికితే దాని కిందే మదర్‌బోర్డు, అంటే అన్ని భాగాలూ కలిసే అసలు బోర్డు ఉంటుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. డెస్క్‌టాప్ మీద అదే టీ ఒలికితే కొత్త కీబోర్డు కొంటే సరిపోతుంది.

రిపేరు సంగతికొస్తే తేడా ఇంకా ఎక్కువ. డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) పోతే ఎస్‌ఎంపీఎస్, ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ) పోతే ర్యామ్, ఏ భాగానికా భాగం విడిగా దొరుకుతుంది. మీ ఊళ్లో ఏ మెకానిక్ అయినా గంటలో మార్చేస్తాడు. ఇప్పటి సన్నపాటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తున్నారు. 8 జీబీ చాలడం లేదని రెండేళ్ల తర్వాత అనిపించినా పెంచుకోలేవు. బ్యాటరీ కూడా రోజూ వాడితే మూడు నాలుగేళ్లకు నీరసిస్తుంది.

పిల్లల మెడల గురించి కూడా ఆలోచించమ్మా. ల్యాప్‌టాప్‌లో స్క్రీన్, కీబోర్డు కలిసే ఉంటాయి కాబట్టి తల వంచుకునే కూర్చోవాలి. 22 లేదా 24 అంగుళాల మానిటర్‌ని పై అంచు కంటి ఎత్తుకు వచ్చేలా పెట్టండి. హాల్లో, మీరు అటూ ఇటూ తిరిగేచోట ఉంచండి. తలుపేసుకున్న గదిలో మంచమ్మీద నడిచే ల్యాప్‌టాప్‌కి నేను ఎప్పుడూ భయపడతాను.

అయితే డెస్క్‌టాప్ రేటు చూసి చవకనుకోవద్దు. మానిటర్, కరెంటు పోయినా కాసేపు నడిపించే యూపీఎస్, వెబ్‌క్యామ్, స్పీకర్లు, బల్ల అన్నీ కలిపి లెక్కేయి. తక్కువ ధర మదర్‌బోర్డుల్లో చాలావాటికి వైఫై ఉండదు, ముందే అడుగు.

కరెంటు సంగతి అల్లుడుగారు అడిగారట. ఇంటి పనులకు వాడే డెస్క్‌టాప్ మానిటర్‌తో కలిపి సుమారు 100 వాట్లు తీసుకుంటుంది. రోజుకు నాలుగు గంటలు వాడితే నెలకు 12 యూనిట్లు. ల్యాప్‌టాప్‌కి అందులో మూడో వంతు చాలు. కరెంటు పోతే మాత్రం డెస్క్‌టాప్ టక్కున ఆగిపోతుంది, 600 వీఏ యూపీఎస్ తప్పనిసరి. దానితో ఇంకో పది నిమిషాలు నడుస్తుంది, పని సేవ్ చేసి ఆపడానికి అది చాలు. మీ ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి. ప్లగ్ పాయింటుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఉరుములప్పుడు ప్లగ్గు, ఇంటర్నెట్ కేబుల్ రెండూ పీకేయాలి.

అల్లుడుగారికి ట్రాన్స్‌ఫర్ వచ్చేలా ఉన్నా, ఆయన రోజూ స్కూలుకి పట్టుకెళ్లాల్సి వచ్చినా నా మాట పక్కనపెట్టి ల్యాప్‌టాప్ కొనండి. ఇంట్లో దానికే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్, విడిగా కీబోర్డు, మౌస్ తగిలిస్తే పిల్లలకీ ఇబ్బంది ఉండదు. పెద్దాడు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు వాడికి ల్యాప్‌టాప్ ఎలాగూ కొనాలి. దానికింకా టైముంది, అప్పటి అవసరాన్ని బట్టి అప్పుడు చూద్దాం.

ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. షాపులో "ఐ5 అండీ, చాలా తక్కువకిస్తున్నాం" అంటారు. ఐ5 అంటే ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్, కంప్యూటర్‌కి మెదడు లాంటిది. ఆ పేరు 2009 నుంచీ ఉంది. ఎన్నో జనరేషనో, అంటే ఎన్నో తరం మోడలో అడగాలి. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ కంటే పాతదైతే మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11కి పనికిరాదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. పాత సరుకంతా ఇప్పుడు సెకండ్ హ్యాండ్ షాపుల్లో తక్కువ రేటుకు తిరుగుతోంది. పిల్లల చదువుకి, లెక్కలకి కొత్త ఐ3 అయినా హాయిగా సరిపోతుంది. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే కొత్త రకం వేగమైన డ్రైవ్) ఉండేలా చూడు. డబ్బు తక్కువైతే ప్రాసెసర్ దగ్గర తగ్గించు కానీ ఎస్ఎస్‌డీ బదులు పాత రకం హార్డ్ డిస్కుకి ఒప్పుకోవద్దు. మెషీన్ నత్తనడక నడుస్తుంది.

రెండు షాపుల్లో కొటేషన్ రాయించు. ప్రతి భాగం కంపెనీ, మోడల్ నంబరు, వారంటీ విడివిడిగా ఉండాలి, జీఎస్టీ బిల్లు ఇస్తామని చెప్పాలి. అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ కాగితాలు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. ఆదివారం ఇంట్లోనే ఉంటాను, చూసి ఫోన్ చేస్తా.

మీ బాబాయి